గాజువాక ఆటోనగర్‌లో నీలం సెడాన్‌పై పడిన ఎపాక్సీ తుంపర: తొలగింపు పని పూర్తి వివరాలు

గాజువాక ఆటోనగర్‌లోని ఒక యూనిట్‌లో పనిచేసే ఉద్యోగి తన ముదురు నీలం మెటాలిక్ సెడాన్‌ను మా వర్క్‌షాపుకు తెచ్చి అడిగిన మొదటి మాట, బండి మొత్తానికి మళ్లీ రంగు వేయించాలా అన్నది. అప్పటికే ఆయన బండిని రెండు చోట్ల చూపించారు. ఒకచోట పూర్తి పెయింటింగ్ తప్ప దారి లేదన్నారు. మరొకచోట గుడ్డను థిన్నర్‌లో తడిపి తుడిచి సాయంత్రానికల్లా ఇచ్చేస్తామన్నారు. మొదటి సలహా వల్ల డబ్బు వృథా అయ్యేది. రెండో సలహా పాటించి ఉంటే మొదటిది నిజంగానే అవసరమయ్యేది.

ఆయన బండి నిలిపే చోటికి ఎదురుగా ఒక కొత్త షెడ్డు కడుతున్నారు. దాని ఉక్కు స్తంభాలకు, పైకప్పును మోసే ట్రస్సులకు బూడిద రంగు పూత స్ప్రే చేస్తున్నారు. మధ్యాహ్నం పూట సముద్రం వైపు నుంచి గాలి ఊపందుకుంటుంది. పని కూడా ఎక్కువగా ఆ వేళల్లోనే సాగింది. ఎత్తున ఉన్న ట్రస్సుల మీద స్ప్రే చేసినప్పుడు ఇనుముకు అంటని పెయింటంతా సన్నని తుంపరగా గాలిలో కలుస్తుంది, పదుల మీటర్లు సులభంగా పోతుంది. బండి యజమానికి ఆ సంగతి వెంటనే తెలియలేదు. ఒక ఆదివారం కడుగుతుండగా గుడ్డ రూఫ్ మీద తట్టుకుని ఆగుతోందని గమనించి, వెలుతురులో వంగి చూస్తే బండి నిండా బూడిద రంగు చుక్కలు కనిపించాయట. మా దగ్గరికి వచ్చేసరికి తుంపర పడి కొన్ని వారాలైంది.

చుక్కలు చెప్పిన సంగతులు

ఇలాంటి కేసులో నేను ముందు సీసాలు తీయను. బండి చుట్టూ తిరిగి చుక్కలు ఎక్కడ దట్టంగా ఉన్నాయో, ఎక్కడ పలచగా ఉన్నాయో చూస్తాను. పలచని ప్లాస్టిక్ సంచిలో చేయి పెట్టి ప్యానెల్ మీద మెల్లగా జరిపితే, వట్టి వేళ్లకు తెలియని గరుకు కూడా స్పష్టంగా తెలుస్తుంది. ఈ బండికి రూఫ్, బానెట్, డిక్కీ మూత మీద తుంపర దట్టంగా ఉంది. కుడివైపు డోర్ల మీద మధ్యస్థంగా, ఎడమవైపు దాదాపు లేనట్టుగా ఉంది. అంటే గాలి కుడివైపు నుంచి వచ్చింది, బండి ఎప్పుడూ ఒకే దిశలో నిలిచింది. సైడు అద్దాల డొప్పల వెనక చుక్కలు లేని నీడలాంటి ఖాళీ జాగా కూడా ఇదే చెప్పింది. ఈ గుర్తులన్నింటినీ కొలబద్ద పక్కన పెట్టి ఫొటోలు తీశాను. తరువాత షెడ్డు కాంట్రాక్టరుతో మాట్లాడేటప్పుడు యజమానికి అవే పనికొచ్చాయి. తుంపర ఎటునుంచి వచ్చిందన్న వాదన రెండు నిమిషాల్లో తేలిపోయింది.

తుంపర ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నది, అది బండి మీద వాలేటప్పటికి ఎంత తడిగా ఉందన్న దానిపై ఆధారపడుతుంది. త్వరగా ఆరే లాకర్ పెయింట్లలో ద్రావకం దారిలోనే ఎగిరిపోతుంది కాబట్టి చుక్క సగం పొడిగా మారి పైపైన వాలుతుంది. దాన్ని తీయడం తేలిక. రెండు డబ్బాలను కలిపి వాడే ఎపాక్సీ, పీయూ (పాలీయురెథేన్) పూతలు అలా కాదు. అవి గట్టిపడేది ప్రధానంగా రెండు భాగాల మధ్య జరిగే రసాయన చర్య వల్ల. కలిపిన తరువాత గంటలపాటు తడిగానే ఉంటాయి కాబట్టి, గాలిలో అంత దూరం ప్రయాణించి వచ్చిన చుక్క కూడా జిగురుగానే బండిని తాకి, అక్కడే కూర్చుని గట్టిపడుతుంది. మామూలుగా వారం రోజుల్లో అది పూర్తి గట్టితనానికి చేరుకుంటుంది. ఈ కేసులో ఆ గడువు దాటిపోయింది.

ఒక్క విషయం మాత్రం మాకు కలిసొచ్చింది. ఈయన బండిని తరచుగా కడిగే మనిషి కాదు. ఆటోనగర్‌లో కొద్ది రోజులు నిలిపితే చాలు, బండి మీద దుమ్ము పొర పేరుకుంటుంది. చుక్కల్లో చాలా భాగం ఆ దుమ్ము మీద పడ్డాయే గాని రంగును నేరుగా తాకలేదు. రోజూ తుడిచి మెరిపించే బండి అయివుంటే పని మరింత కష్టమయ్యేదని చెబితే ఆయన నమ్మలేదు గాని, అది నిజం.

ఏ పెయింటు, దేని మీద

ఏ పెయింటు పడిందో తేల్చుకోవడానికి ముందు గాజు మీద పరీక్షించాలి. గాజును ఏ ద్రావకమూ చెరపదు కాబట్టి, విండ్‌షీల్డ్ పైమూలను నేను ప్రయోగశాలగా వాడుకుంటాను. పక్కనున్న రబ్బరుకు, పెయింటుకు తగలకుండా దూదిపుల్లతో చుక్క చుక్కగా అంటించాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు చుక్కలు మెత్తబడలేదు. నీటి ఆధారిత ఎమల్షన్ అయితే మెత్తబడేది. మినరల్ టర్పెంటైన్‌కూ చలించలేదు. కొత్తగా పడిన సింథటిక్ ఎనామెల్ అయితే కొంతైనా వదిలేది. చివరికి అసిటోన్ పెట్టి కాసేపు ఆగి రుద్దినా రంగు దూదికి అంటలేదు. లాకర్ అయితే కరిగిపోయేది, ఎనామెల్ అయితే ఉబ్బి ముడతలు పడేది. ఇది కరగలేదంటే అణువులు ఒకదానితో ఒకటి ముడిపడిన రెండు భాగాల పూత అని అర్థం. షెడ్డు దగ్గర ఉన్న ఖాళీ డబ్బాల మీది లేబుల్ ఫొటో తీసి పంపమని యజమానిని అడిగాను. ఎపాక్సీ అన్న మాట అందులోనూ ఉంది. పరీక్షను డబ్బాతో సరిచూసుకునే వీలున్నప్పుడు దాన్ని వదులుకోకూడదు.

ఆ పరీక్షతో ఒక దారి మూసుకుపోయింది. కారు రంగుకు హాని చేయకుండా ఈ చుక్కలను కరిగించే ద్రావకం లేదు. కరిగించలేనప్పుడు మిగిలేది, పై చుక్కను పక్క నుంచి కోసి లేపడమే. కోయాలంటే కింద ఉన్నది ఎంత గట్టిదో తెలియాలి.

పూత మందం కొలిచే గేజ్‌తో ప్రతి ప్యానెల్‌నూ అనేక చోట్ల కొలిచాను. రూఫ్, డోర్లు, డిక్కీ మూత 108 నుంచి 124 మైక్రాన్ల మధ్య వచ్చాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఇవి ఫ్యాక్టరీ పూతకు మామూలుగా కనిపించే అంకెలు. బానెట్ మాత్రం 240 నుంచి 280 వరకు, చోటుకొక రకంగా చూపించింది. అడిగితే, బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నామని, బానెట్‌కు ముందే పని జరిగిందో లేదో తెలియదని అన్నారు. అంకెలను చూస్తే జరిగిందని తెలుస్తూనే ఉంది.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. 280 మైక్రాన్లంటే మందంగా ఉంది కదా, గట్టిగా రుద్దినా ఫరవాలేదనుకుంటారు. సాధారణ గేజ్ లోహం నుంచి పైకి మొత్తం ఎంత మందమో చెబుతుందే గాని, అందులో పుట్టీ ఎంత, ప్రైమర్ ఎంత, రంగు పైనున్న పారదర్శక పూత, అంటే క్లియర్ కోట్, ఎంత అన్నది చెప్పదు. ఫ్యాక్టరీ పూతలో క్లియర్ కోట్ సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు ఉంటుందని ఒక అంచనా వేసుకోవచ్చు. రీపెయింట్ చేసిన ప్యానెల్‌లో అలాంటి అంచనాకు ఆధారం లేదు. పైగా ఫ్యాక్టరీలో ఆ పూతను 140 డిగ్రీల ప్రాంతంలో వేడిచేసి గట్టిపరుస్తారు. బయటి షాపులో వైర్లు, ప్లాస్టిక్ భాగాలు బిగించి ఉన్న బండికి 60 డిగ్రీలకు మించి వేడి పెట్టరు. చాలాచోట్ల అది కూడా ఉండదు, ఆరుబయట ఆరబెడతారు. అందువల్ల ఆ పూత ఫ్యాక్టరీ పూతంత గట్టిగా ఉండకపోవచ్చు.

అందుకే బానెట్ తెరిచి, లోపలి అంచున కనిపించని చోట, నైట్రోసెల్యులోజ్ లాకర్లకు వాడే ఎన్‌సీ థిన్నర్ అంటించిన తెల్లగుడ్డతో ఒకసారి అద్దాను. గుడ్డకు నీలం అంటుకుంది. యజమాని పక్కనే ఉన్నారు.

"థిన్నర్‌తో అయిపోయే పనికి ఇంత తతంగం ఎందుకండీ అని అడుగుదామనుకుంటున్నాను," అన్నారు గుడ్డ చూశాక. నేను వేరే జవాబు చెప్పే అవసరం రాలేదు.

గట్టిపడిన ఎపాక్సీ చుక్కకు థిన్నర్ ఏమీ చేయలేదు. ఆ చుక్క కింద ఉన్న మెత్తని బానెట్ రంగును మాత్రం లాగేస్తుంది. థిన్నర్ వైద్యంలో ఉన్న అసలు చిక్కు ఇదే. దాంతో ఈ కేసులో పనికి హద్దు ఖరారైంది: బానెట్ ఎంత తట్టుకుంటుందో తేలేవరకు మిగతా ప్యానెళ్ల మీద పొందిన ఫలితాన్ని దాని మీద ఆశించకూడదు. పూర్తి రీపెయింట్‌ను తోసిపుచ్చడానికి కారణం కూడా ఇదే లెక్కలో ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఫ్యాక్టరీ పూతను గీకేసి, దానికంటే మెత్తని పూత వేయించుకోవడానికి డబ్బు కట్టడం నాకు సబబుగా తోచలేదు.

క్లే పెట్టే ముందు

విశాఖలో, ముఖ్యంగా గాజువాక, మల్కాపురం, సింధియా, పాత పోస్టాఫీసు ప్రాంతాల్లో తిరిగే బండ్ల మీద పేరుకునేది ఒట్టి మట్టి కాదు. పోర్టులో ఎగుమతి దిగుమతి అయ్యే ఇనుప ఖనిజం, బొగ్గుల ధూళి ఉంటుంది. ఫ్యాబ్రికేషన్ షెడ్లలో గ్రైండింగ్ చేసినప్పుడు ఎగిరే ఉక్కు రజను ఉంటుంది. వీటికి తోడు ఉప్పుగాలి. ఈ రజను బండి మీద ఉండగా, చుక్కలను కోసి లేపే మెత్తని ముద్ద అయిన క్లే రుద్దితే, క్లే దాన్ని తనలో పొదువుకుని ప్యానెల్ పొడవునా గీతలు గీస్తుంది. ఇలాంటి పెయింటు తుంపర (ఓవర్‌స్ప్రే) తీయించుకున్న బండ్ల మీద ఆ తరువాత కనిపించే గీతల్లో చాలావాటికి క్లే కారణం కాదు, దానికి ముందు సరిగా కడగకపోవడం కారణం.

కాబట్టి కడుగుడు నిదానంగా సాగింది. ముందు ప్రెషర్ వాషర్‌తో వదులు దుమ్మును పోనిచ్చి, నురుగు పట్టించి ఆగి, తరువాతే రెండు బకెట్ల పద్ధతిలో (ఒకదాంట్లో షాంపూ నీళ్లు, మరోదాంట్లో గ్లవ్ జాడించే నీళ్లు) మైక్రోఫైబర్ గ్లవ్‌తో కడిగాం. దుమ్ము మీద పడ్డ చుక్కలు ఈ దశలోనే గ్లవ్‌కు గరగరమంటూ రాలాయి. డోర్ల కింది భాగంలో తారు మరకలుంటే టార్ రిమూవర్‌తో తీశాం. ఆపైన ఐరన్ రిమూవర్ చల్లాం. అందులో ఉండే థయోగ్లైకొలేట్ ఇనుముతో కలిసి ఊదా రంగుకు మారుతుంది. డిక్కీ మూత మీద, వెనక బంపర్ మీద ఊదా ధారలు బాగానే కారాయి. గ్రైండింగ్ రజనుకు ఈ మందు చక్కగా పనిచేస్తుంది గాని, ఖనిజపు ధూళి ఇప్పటికే ఆక్సైడ్ రూపంలో ఉంటుంది కాబట్టి అంతగా స్పందించదు. రంగు మారలేదు కదా, శుభ్రంగా ఉందిలే అనుకోకుండా మళ్లీ ఒకసారి నీళ్లు పట్టాలి. ఈ మందును వేడి ప్యానెల్ మీద ఆరనివ్వకూడదు, గాలి ఆడని చోట చల్లకూడదు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. తీరానికి దగ్గరగా ఉన్న చాలా బోర్లలో లవణాలు ఎక్కువ. ఆ నీళ్లు బానెట్ మీద ఆరితే తెల్ల మచ్చలు పడతాయి, వాటిని తీయడానికి మళ్లీ పాలిష్ కావాలి. అందువల్ల చివరి కడుగుడుకు శుద్ధిచేసిన నీళ్లే వాడతాం.

క్లే పని

క్లే బార్ అన్నది ఇలాంటి పనికే పుట్టిన వస్తువు. జపాన్‌కు చెందిన తదావో కొదాతే పేరిట 1995లో దానికి అమెరికా పేటెంటు వచ్చింది. ఆ పేటెంటులో దాని పేరు సాగే గుణమున్న గ్రైండింగ్ రాయి అనే అర్థంలో ఉంది. మెత్తగా ఉంటుంది కాబట్టి హాని చేయదనుకునే వాళ్లకు నేను ఆ పేరే గుర్తుచేస్తాను. లోపల సన్నని అరగదీసే పొడి ఉంటుంది. ప్యానెల్ మీద చల్లిన జారుడు ద్రవంపై కదులుతూ, ప్యానెల్ కంటే ఎత్తుగా ఉన్నదాన్ని కోస్తుంది. ఆ జారుడు తగ్గిన క్షణం నుంచి అది మామూలు గ్రైండింగ్ రాయే.

రూఫ్ మీద మాస్కింగ్ టేపుతో సుమారు ఒక అడుగు చదరం గుర్తుపెట్టి, సన్నరకం క్లేతో మొదలుపెట్టాను. సగం చుక్కలు లేచాయి, మిగతావి కదల్లేదు. అదే చదరంలో మధ్యరకం క్లే పెట్టాక కొద్ది పెద్ద చుక్కలు మినహా అన్నీ పోయాయి. లైటు వేసి చూస్తే పలచని మసక పడింది. ఫ్యాక్టరీ పూత మీద ఆ మసక పాలిష్‌తో పోతుందని అక్కడికక్కడే పాలిష్ చేసి చూసుకున్నాకే మిగతా రూఫ్‌కు అదే పద్ధతి ఖాయం చేశాను. డోర్లకు సన్నరకమే సరిపోయింది. నిటారుగా ఉన్నచోట పడిన చుక్కలు సన్నవి, అక్కడ పాత వ్యాక్స్ కూడా కొంత మిగిలి ఉంది.

క్లే గురించిన సలహాలు చాలావరకు చలి దేశాల నుంచి వచ్చినవి. క్లే గట్టిపడితే గోరువెచ్చని నీళ్లలో మెత్తబరచమని వాటిలో ఉంటుంది. మన దగ్గర ఇబ్బంది తలకిందులుగా ఉంటుంది: ఏప్రిల్, మే నెలల్లో క్లే మరీ మెత్తబడి ప్యానెల్‌కు మరకగా అంటుకుంటుంది. అందుకని ముక్కలుగా కోసి చల్లని నీళ్ల గిన్నెలో ఉంచి, ఒకటి తీసి ఒకటి వేస్తూ పనిచేస్తాం. గుండ్రంగా తిప్పకుండా నేరు గీతల్లో, వేళ్ల బరువు తప్ప అదనపు ఒత్తిడి లేకుండా జరపాలి; బూడిద రంగు కనిపించగానే మడిచి కొత్త ముఖం పైకి తేవాలి. కింద పడిన ముక్కను కడిగి వాడటానికి కుర్రాళ్లు ప్రయత్నిస్తారు. మా దగ్గర అది నేరుగా చెత్తబుట్టలోకి పోతుంది.

రూఫ్ మీద మిగిలిన పెద్ద చుక్కలను ఒక్కొక్కటిగా తీశాను. చిన్న రబ్బరు దిమ్మెకు 3000 నంబరు వాటర్ పేపర్ (అతి సన్నరకం ఉప్పుకాగితం) చుట్టి, చుక్క నెత్తి మీద మాత్రమే ఆడించి, చుట్టూ ఉన్న మెరుపు చెదరకముందే ఆపి, మిగిలిన పలచని ముద్రను పాలిష్‌కు వదిలాను. గేజ్ చేతిలో ఉంది కాబట్టి, అదీ ఫ్యాక్టరీ ప్యానెల్ కాబట్టి ఈ పని చేశాను.

బానెట్ మీద అలా చేయలేదు. సన్నరకం క్లే, ఎక్కువ ద్రవం, అరచేయంత జాగా, ఓపిక. మెత్తని రంగు మీద సన్నరకం కూడా మసక తెస్తుంది. అది ఎంత వస్తోందో ప్రతి జాగాకూ లైటు పెట్టి చూస్తూ ముందుకు పోయాను. నూటికి తొంభై చుక్కలకు పైగా పోయాయని ఫొటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. మిగిలినవి ముఖ్యంగా ముందు అంచున, మడత గీతల మీద ఉన్నాయి. అంచులు, మడతల దగ్గర పూత సహజంగానే పలచగా నిలుస్తుంది, రాపిడి ముందుగా తగిలేదీ అక్కడే. మధ్యరకం క్లేతో అవీ పోయేవేమో. పోతే రంగు కూడా పోయే అవకాశం ఉంది. యజమానిని పిలిచి, ఒక మీటరు దూరంలో నిలబెట్టి, కనిపిస్తున్నాయా అని అడిగాను. వెతికితే గాని కనిపించడం లేదన్నారు. వాటిని అలాగే వదిలేశాం. పని నివేదికలో ఎక్కడెక్కడ వదిలామో, ఎందుకు వదిలామో రాసి ఇచ్చాను.

గాజు, ప్లాస్టిక్, నంబరు ప్లేటు

విండ్‌షీల్డ్‌ను తడిగా ఉంచి, కొత్త బ్లేడును వాలుగా పట్టి ఒకే దిశలో తోశాం. వెనక్కి లాగితే బ్లేడు కింద చిక్కిన రేణువు గీత గీస్తుంది. సైడు గాజులకు క్లే సరిపోయింది. వైపర్ రబ్బర్లలో ఇరుక్కున్న ఎపాక్సీ రేణువులు శుభ్రమైన గాజును మళ్లీ గీస్తాయి కాబట్టి వాటిని మార్పించాం.

హెడ్‌లైట్లు గాజులా కనిపించినా అవి పాలీకార్బొనేట్. పైన ఎండ తట్టుకునే పలచని గట్టి పూత ఉంటుంది. అసిటోన్, థిన్నర్ తగిలితే లోపల సన్నని పగుళ్లు పుడతాయి. అవి ఏ పాలిష్‌తోనూ పోవు. సన్నరకం క్లేతోనే, తేలికగా తీశాం. హై సెక్యూరిటీ నంబరు ప్లేటు మీద కాంతిని తిప్పికొట్టే ఫిల్ము, వేడితో అద్దిన అక్షరాలు ఉంటాయి. దానికీ ద్రావకం తగలనివ్వలేదు.

ఎక్కువ విసిగించింది విండ్‌షీల్డ్ కింద ఉండే నల్లని గరుకు ప్లాస్టిక్ పట్టీ. గుంతల్లో కూర్చున్న చుక్కను క్లే అందుకోలేదు, పైగా తన మరకను అక్కడ వదులుతుంది. నైలాన్ బ్రష్, క్లీనర్ కలిపి పనిచేసినా సగమే పోయింది. ఆ పట్టీ ధర మా గంటల కూలి కంటే తక్కువ కాబట్టి కొత్తది వేయించుకోమన్నాను, వేయించుకున్నారు.

పాలిష్, ఆ తరువాత

ఫ్యాక్టరీ ప్యానెళ్లకు, తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యుయల్ యాక్షన్ మెషీన్ మీద మధ్యరకం ఫోమ్ ప్యాడ్‌తో ఒకసారి, సన్నరకం పాలిష్‌తో ఇంకోసారి చేశాం. బానెట్‌కు మెత్తని ప్యాడ్, సన్న పాలిష్ మాత్రమే. ఒకేచోట గిరగిరా తిరిగి ఎక్కువగా అరగదీసే రోటరీ మెషీన్‌ను ఈ బండి దగ్గరికి రానివ్వలేదు. పని ముగిశాక రూఫ్ అంకెలు మునుపటి వాటికి ఒకటి రెండు మైక్రాన్ల లోపే వచ్చాయి. గేజ్ లోపమే అంత ఉంటుంది కాబట్టి దీన్ని ఘనతగా చెప్పుకోలేను. క్లియర్ కోట్ భారీగా పోలేదన్నంత వరకే దానికి అర్థం. ఆ కోటులోనే ఎండ నుంచి కాపాడే పదార్థాలుంటాయి కాబట్టి అంతవరకు తెలిసినా చాలు.

సిరామిక్ కోటింగ్ వేయమని యజమాని అడిగారు. కోటింగ్ ఉంటే రేపు తుంపర పడినా తేలికగా లేస్తుందన్న మాటలో నిజం ఉంది. పడకుండా అయితే ఆపదు. బానెట్ రంగు ఎంతకాలం నిలుస్తుందో తెలియనప్పుడు దాని మీద ఖరీదైన పూత వేయడం నాకు ఇష్టం లేకపోయింది. వ్యాక్స్‌లా రుద్దే రక్షణ పూత అయిన పాలిమర్ సీలెంట్ పట్టించి, కొన్ని నెలలకోసారి మళ్లీ పట్టించుకోమన్నాను. మా బిల్లు, ప్లాస్టిక్ పట్టీ, వైపర్ల ఖర్చు షెడ్డు కాంట్రాక్టరు భరించారు.

ట్రస్సులకు ఆఖరి పూత ఇంకా మిగిలే ఉందని బండి అప్పగించేటప్పుడు తెలిసింది. స్తంభాలకు రోలర్ వాడాలని, ట్రస్సుల పని సముద్రపు గాలి మొదలవకముందే ఉదయం ముగించాలని, స్ప్రే చేసే రోజు ముందుగా ఫోన్ చేయాలని కాంట్రాక్టరుతో మాట తీసుకోమన్నాను. ఒకవేళ మళ్లీ పడితే ఎండలో ఆరనివ్వకుండా అదే రోజు తీసుకురమ్మన్నాను. గట్టిపడని ఎపాక్సీ చుక్క పుష్కలంగా పోసిన షాంపూ నీళ్లకు, సన్న క్లేకు లొంగుతుంది. వర్షాకాలం తరువాత సీలెంట్ కోసం ఆయన వచ్చినప్పుడు రూఫ్, డోర్లు చేతికి నునుపుగా ఉన్నాయి. బానెట్ అంచున వదిలిన చుక్కల్లో కొన్ని వాటంతట అవే రాలిపోయాయి, మిగిలినవి అక్కడే ఉన్నాయి. బండిని ఇప్పుడు యూనిట్ వెనకవైపు నిలుపుతున్నారు.